నాలుగో వరుస, పదిహేడో కుండీ

తెల్లవారుజామున లోక్రిస్టిలో
గాజు ఇల్లు లోపలివైపు చెమర్చి ఉంటుంది.
కోటు కొక్కేనికి తగిలించి
నీలం డ్రమ్ములో ఎరువు కలుపుతాను.
ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే ఇదే నా తొలి వంట.

అజేలియాలు. వరుసకి ఇరవై నాలుగు కుండీలు.
మొదటి వరుసకి వాననీళ్లే.
రెండోదానికి సగం ఘాటు.
మూడోదానికి సంచి మీద అచ్చేసినంత.
నాలుగోదానికి అంతకి రెట్టింపు.
ఆ చివరిది వాన్నెస్ గారి పట్టుదల.
పెంపకందార్ల సంఘానికి పెద్ద,
"పెట్టే చెయ్యి వెనకాడకూడదు" అంటాడు.

మీటరు ముంచితే అంకె కాసేపు వణికి నిలుస్తుంది.
మీటర్లు లేని రోజుల్లో మా నాన్న
వేలు ముంచి నాలుక్కి రాసుకునేవాడు.
"మనింటి సూపు కంటే ఉప్పగా ఉంటే
వేరు ముట్టదు" అనేవాడు.
సూపులో ఉప్పు చాలలేదని అమ్మతో
రోజూ పేచీ పెట్టుకున్నదీ ఆయనే.

జూన్‌లో అందమంతా నాలుగో వరుసదే.
నలుపు తిరిగిన పచ్చ, అరచెయ్యంత గుబురు.
వాన్నెస్ నడుం మీద చేతులేసుకుని
"చూశావా, ఒడిలియా?" అన్నాడు.
చూశాను.
మొదటి వరుస అప్పటికే పాలిపోయి
అడగడం చేతగాని పిల్లల్లా నిలబడి ఉంది.

ఆగస్టుకి ఆ గుబురు అంచులు మాడాయి,
ఇస్త్రీపెట్టె అంటుకున్న జేబురుమాళ్లలా.
కుండీ మూతి చుట్టూ తెల్లటి పొక్కు.
గోటితో గీకితే ఉప్పు.
తడిమట్టిలో నిలబడి దాహంతో వాడిపోవడం
నేనక్కడే చూశాను.
ఒకదాన్ని ఊడబెరికి కడిగితే
వేళ్ల కొసలు నానిన టీ పొడిలా రాలాయి.

పూల లెక్క డిసెంబరులో.
మొదటి వరుస కుండీకి తొమ్మిది; చిన్నవే, అయినా విచ్చాయి.
రెండోది నలభై ఒకటి. మూడోది ముప్పై.
నాలుగోది: ఆరు, నాలుగు, సున్నా, ఐదు, సున్నా…
పదిహేడో కుండీ దగ్గర పెన్సిల్ ఆగింది.
ముప్పై ఎనిమిది.
మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది.

చీటీ మారిందా?
పనికొత్త కుర్రాడు టిబో ఎర్రబడ్డాడు:
"ఒట్టు, దేన్నీ వదల్లేదు. అన్నిటికీ ఒకటే కొలత."
వాణ్ని ఇంకో మాట అనబోతుంటే
నా మెడ మీద ఒక చుక్క పడింది.

పైన అద్దం మూల చిట్లి ఉంది.
మార్చిలో ఒకసారి, మేలో ఒకసారి,
సెప్టెంబరులో కాస్త కరుగ్గానూ
బాగుచెయ్యమని రాసింది నేనే.
ఈ ఊళ్లో వాన సెలవు పెట్టదు.
నేను పోసింది పోసినట్టు
ఆ పగులు కడిగేస్తూ వచ్చింది,
రాత్రిళ్లు, జీతం లేకుండా.

నివేదికలో అలాంటివాటికి గడి ఉండదు.
పదిహేడుని కొట్టేశాను.
అడుగున చిన్న అక్షరాల్లో "పైకప్పు కారుట వలన" అని రాశాను.
మిగతా ఇరవై మూడింటికీ సగటు బుద్ధిగా కుదిరింది.

వాన్నెస్ కాగితం రెండుసార్లు తిరగేశాడు.
"సగమేనా?"
"సగమే."
టోపీ పెట్టుకుని గుమ్మందాకా వెళ్లి ఆగాడు.
"మా ఆవిడ కిటికీలో మొక్కకి కూడానా?"

గురువారం అద్దాలవాడు నిచ్చెనతో వచ్చాడు.
పుట్టీ పూసి బొటనవేలితో అదిమి
"ఇక చుక్క పడితే నన్నడగండి" అన్నాడు.
సంతకం పెట్టాను.

లెక్కలోంచి పోయినదాన్ని తీసుకెళ్తే
ఎవరూ అడగరు.
అది మా పెరటి గుమ్మం పక్కన ఉంది,
చూరు నీళ్లు పడే చోట.
గడ్డకట్టే రాత్రుళ్లు లోపలికి తెస్తాను.
ఎరువు డబ్బా వంటింటి పై అరలో ఉంది,
స్టూలు ఎక్కితే గాని అందదు.
వాన మొదలైతే
రేడియో కొంచెం తగ్గిస్తాను.